రాహుకాలం లోపు కొట్టిన కొబ్బరికాయ

దేవకృప మా బజారు పార్కింగ్‌లో పనిచేస్తుంది. మా బజారంటే సికింద్రాబాద్ స్టేషన్‌కు కాస్త అవతల, ఒక బండి పట్టే చోట మూడు బండ్లు నిలబెట్టి నాలుగోవాణ్ణి తిట్టుకునే బజారు. ఇక్కడ పార్కింగ్ డబ్బులు కట్టడానికి ఒక మిషన్ పెట్టారు. బండి నంబరు నొక్కాలి, డబ్బు కట్టాలి, చీటీ తీసుకోవాలి. మనిషి అక్కర్లేదని పెట్టిన ఆ మిషన్ పక్కన మొదటి రోజు నుంచీ మనిషి ఉంది. మా వాళ్లకు మిషన్ అంటే భయమేం కాదు, బద్ధకం. "అక్కా, జెర నువ్వే నొక్కు" అని చేతిలో నోటు పెట్టి వెళ్లిపోతారు. ఆమె నొక్కుతుంది.

ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో బందరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అందుకే ఆమెకు ఇంట్లో ఒక తెలుగు, బజార్లో ఒక తెలుగు. భర్త డేవిడ్ రాజు మోకాళ్ల నొప్పులతో డ్రైవింగ్ మానేశాక ఆ ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. వచ్చీరాగానే చీర కొంగుతో మిషన్ అద్దం తుడుస్తుంది. ఆ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. మా కొట్టుకు ఎదురు మేడ మీది పెద్ద ఫ్లెక్సీ బోర్డు ఇనుప చట్రంతో సహా ఊడి వచ్చి మిషన్ నెత్తిన పడింది. అప్పుడు దేవకృప అవతల ఎవరిదో స్కూటర్‌కు స్టాండు వేస్తోంది కాబట్టి బతికిపోయింది. మిషన్ మాత్రం అప్పడమైపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె చేత్తోనే చీటీలు రాసిచ్చింది.

పార్కింగ్ కాంట్రాక్టు సదాశివది. చెడ్డవాడని అనను. కాకపోతే ఖర్చు మాట వస్తే మొహం మాడిపోతుంది. కొత్త మిషన్ వస్తుందని తెలిసిన రోజు అతనే వచ్చి చెప్పాడు.

"కొత్తది మాట్లాడుతదట అక్కా. ఏది నొక్కాల్నో అదే చెప్తదట. ఇగ మనిషితోని ఏం పని? ఈ నెల అయితే ఉండు, తర్వాత చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో నెల జీతం మీద బతికేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. దేవకృప సరేనంది. ఆ రోజు టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లింది.

ఒక శుక్రవారం పొద్దున కంపెనీ ఫిట్టర్ ఓంప్రకాశ్ కొత్త మిషన్ తెచ్చి బిగించి కరెంటు కలిపాడు. తీరా చూస్తే ముందు పక్క మూత వేరే సైజుది వచ్చింది. దాన్ని మార్చుకు రావడానికి బేగంపేట ఆఫీసుకు బయల్దేరాడు. అప్పటికి సన్నగా తుంపర పడుతోంది. మిషన్ మీద ప్లాస్టిక్ కవర్ కప్పి, తాడు చుట్టి, దేవకృపకు అప్పగించాడు.

"అక్కా, లోపలంత తెరిచే ఉన్నది. ఒక్క నీటి చుక్క తగల్నియకు. నా మీద ఇప్పటికే ఒక కంప్లైంట్ ఉన్నది. ఇంకోటి అయితే ఇంటికి పంపిస్తరు."

అతను అటు వెళ్లాడో లేదో, ఇటు సదాశివ కొబ్బరికాయ, పూలు, పసుపు, కుంకుమ పట్టుకుని దిగాడు. రాహుకాలం ముంచుకొస్తోంది. ఆ లోపు పూజ కాకపోతే మిషన్ అచ్చిరాదని అతని గట్టి నమ్మకం. బజారంతా చుట్టూ మూగింది. తాడు విప్పారు, కవర్ తీశారు, దండ వేశారు.

"సార్, నీళ్లు తగలొద్దన్నడు ఆయన" అంది దేవకృప.

"కొబ్బరినీళ్లు నీళ్లేంది అక్కా, తీర్థం!" అన్నాడు సదాశివ. అందరూ నవ్వారు.

కాయ కొట్టడానికి కింద రాయి ఉంది. కానీ భక్తి ఎక్కువై అతను మిషన్ అంచుకే వేసి కొట్టాడు. ముదురు కాయ, నిండా నీళ్లు. అవన్నీ తిన్నగా తెరిచి ఉన్న ముందు భాగంలోకి పోయాయి. వెలుగుతున్న అద్దం రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయింది. కాలుతున్న వైరు వాసన వచ్చింది. రాహుకాలం ఇంకా మొదలుకాలేదు.

సదాశివ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫిట్టర్ తప్పయితే కంపెనీ ఊరికే మార్చి ఇస్తుంది, కాంట్రాక్టరు తప్పయితే మొత్తం అతని నెత్తినే. దేవకృపను పక్కకు పిలిచాడు.

"తుంపర పడంగ ఫిట్టర్ కవర్ కప్పకుండ పోయిండని చెప్పు. పొద్దున వాన పడ్డది గద, నమ్ముతరు. నీ నౌకరి ఎటూ పోదు, నాది పూచీ."

దేవకృప వెళ్లి ఆరిపోయిన మిషన్ పక్కన నిలబడింది. అంతకుముందు ఎన్నో రాత్రులు ఆ ఉద్యోగం కోసమే ప్రార్థన చేసిన మనిషి. అడిగింది చేతికి అందింది, అదీ ఇలా.

మధ్యాహ్నం ఓంప్రకాశ్‌తో పాటు ఆఫీసు నుంచి అనుపమ మేడం వచ్చింది. సదాశివ ముందుగా తన కథ చెప్పేశాడు. ఓంప్రకాశ్ చేతిలో కొత్త మూత పట్టుకుని నిలబడ్డాడు.

"కప్పిన మేడం, దేవుని మీద ఒట్టు" అన్నాడు.

"ఇక్కడెవరున్నారు అప్పుడు?" అని అడిగింది మేడం. పొద్దున చుట్టూ మూగి నవ్విన బజారంతా ఎవరి గల్లా పెట్టెలోకి వాళ్లు తల దూర్చారు. అందరి బండ్లూ సదాశివ దయ మీదే నిలబడాలి మరి.

"నేనున్న మేడం" అంది దేవకృప. "ఆయన కప్పే పోయిండు. తాడు సుత కట్టిండు. సార్ కొబ్బరికాయ కొడితే నీళ్లు లోపలికి పోయినయి. నేను వద్దన్న గని, గట్టిగ అనలే. గట్టిగ అనాల్సింది."

ఓంప్రకాశ్ ఆ మూతను అలాగే గుండెకు హత్తుకున్నాడు. నాకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. మొక్కలేదనుకోండి, కొట్టు వదిలి బయటకు మాత్రం వచ్చాను.

మేడం రాసుకుని వెళ్లిపోయింది. సదాశివ దేవకృప వైపు చూడకుండానే అన్నాడు. "రేపటి నుంచి రాకు."

ఆమె చీర మీద వేసుకున్న, చీకట్లో మెరిసే పట్టీల ఆకుపచ్చ డ్యూటీ కోటు విప్పి, మడతపెట్టి, అతని కుర్చీ మీద పెట్టింది. సంచీ తీసుకుంది. అంతలో ఒకాయన గాభరాగా స్కూటర్ ఆపి, తాళం ఆమె చేతిలో పెట్టాడు. "అక్కా, జెర చూస్తుండు, అమ్మకు మందులు తేవాలె, ఇప్పుడే వస్త" అని పరుగెత్తాడు. ఆమె ఒంటి మీద కోటు ఉందో లేదో కూడా చూడలేదు.

దేవకృప ఆ స్కూటర్ పక్కన నిలబడింది. వెనక లారీ వస్తే స్కూటర్‌ను పక్కకు తోసి జరిపింది. ఇప్పుడే వస్తానన్నవాడు మన ఊళ్లో ఎప్పుడు వస్తాడో మీకు తెలియనిది కాదు. పొద్దు వాలింది. యాప్రాల్ వైపు పోయే బస్సు ఒకటి ఆమె ముందు నుంచే వెళ్లిపోయింది.

సదాశివ చాలాసేపు కుర్చీలోంచి చూశాడు. చివరికి లేచి వచ్చాడు.

"ఇంక పోలేదేంది?"

"ఆయన రాలే సార్. వస్తె తాళం ఇచ్చి పోత."

సదాశివ ఆమె చేతిలోని తాళం వంక చూశాడు. వెనక్కి వెళ్లి కోటు తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు.

"చీకటైతున్నది. బండ్లోళ్లకు కనబడవు. వేసుకో."

దేవకృప చెయ్యి చాచలేదు.

"వేసుకుంటె రేపు సుత వస్త మరి."

"రా" అన్నాడు సదాశివ.