ఎడమ పక్క ప్రూయిట్ గారు

ఇండియానాలోని టర్లీ మిల్ ఊళ్ళో ఎల్డన్ ప్రూయిట్ గారు ఎడమ పక్కన తప్ప ఇంకో పక్కన కూర్చున్నదీ లేదు, నిలబడ్డదీ లేదు. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. చర్చిలో ఎడమ వరసలో చివరి బల్ల ఆయనది. హోటల్లో ఎడమ గోడ పక్క చోటు ఆయనది. అది ఖాళీ లేకపోతే గుడ్లూ గ్రేవీ ఉన్న పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడే తినేవారు. సొంత చెల్లెలి రెండో పెళ్ళిలో ఫొటో తీసేవాడు "కొంచెం కుడికి జరగండి" అన్నాడు. ఆయన ఎడమకే జరిగారు, జరిగి జరిగి ఫొటోలోంచే వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆ ఫొటో అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. చూసినవాళ్ళకి అది ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఎందుకండీ ఇలా అని అడిగితే ఒకటే జవాబు. "ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు తోలాను. డ్రైవరు సీటు ఎడమ పక్క ఉంటుంది. కుడి పక్క కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది."

అలాగని ఆయన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన బస్సెక్కిన ఒక్క పిల్లకి గోరు కూడా విరగలేదు. మంచు తుఫానులో బస్సు కూరుకుపోతే పద్నాలుగు మందిని తాడు పట్టించి నడిపించి, ఇంటింటికీ దింపి, చివరికి తన ఇల్లు దొరక్క పోస్టాఫీసులో పడుకున్న మనిషి. ఊరి జట్టు జిల్లా పోటీ గెలిచిన మూడుసార్లూ ఆ జట్టుని తీసుకెళ్ళిన బస్సు ఆయనదే. ఇవన్నీ ఒక ఎత్తు. వెర్లా హెక్‌మన్ లాండ్రీలోని బాస్కెట్‌బాల్ ఆటపెట్టె దగ్గర ఆయన సాధించింది ఒక ఎత్తు.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ముందు జిమ్ సంగతి చెప్పాలి. ఊళ్ళో జనం తొమ్మిది వందలు, స్కూలు జిమ్‌లో కుర్చీలు మూడు వేలు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే ఇండియానాలో దీనికి ఎవరూ నవ్వరు. శుక్రవారం ఆట ఉందంటే ఆ మూడు వేలూ నిండేవి. తర్వాత స్కూలు ఎత్తేశారు, పిల్లల్ని పక్క ఊరి పెద్ద స్కూల్లో కలిపేశారు, జిమ్ పడగొట్టారు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో ఇటుక తెచ్చుకుని గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. ఇంక ఊళ్ళో బాస్కెట్‌బాల్ అంటూ మిగిలింది, ఎవరి బట్టలు వాళ్ళే మిషన్లో ఉతుక్కునే ఆ లాండ్రీలో, బట్టలారబెట్టే మిషన్ల పక్కన, ఇద్దరు నిలబడి ఒకరి మీద ఒకరు ఆడుకునే ఆ పాత వీడియో పెట్టె ఒక్కటే.

పెట్టె వెర్లాది కాదు, పట్నంలోని ఒక కంపెనీది. ఏడాదికోసారి కంపెనీ మనిషి వచ్చి చూసిపోతాడు. అంతా పనిచేస్తే పెట్టె ఉంటుంది. ఏ ఒక్కటి పాడైనా బాగు చెయ్యరు, విడిభాగాలు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. వ్యాన్‌లో వేసుకుని తుక్కు కింద పట్టుకుపోతారు. ఈ మాట ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఎంత కోపమొచ్చినా ఆ పెట్టెని ఎవరూ తన్నలేదు.

కోపం రావడానికి కారణం మాత్రం ప్రూయిట్ గారే. పెట్టె మీద అట్టముక్క వేలాడదీసి ఆయనే నియమం రాశారు: గెలిచినవారిది ఎడమ పక్క, ఓడినవారు దిగిపోవాలి. పదకొండు బుట్టలు ముందు వేసినవాళ్ళది ఆట. పందొమ్మిదేళ్ళలో ఆయన ఓడిపోలేదు, కాబట్టి ఎడమ జాయ్‌స్టిక్ మీద మరో చెయ్యి పడలేదు. ఇంటికెళ్తూ పెట్టె మీద పాత బస్సు సీటు రెక్సిన్ కప్పి వెళ్ళేవారు. ఆయన లేకుండా దాన్ని తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆఖరికి ఆ పెట్టెని తుడిచేదీ ఆయనే. వెర్లా తడిగుడ్డ పట్టుకుని దగ్గరికొస్తే చేతులు చాపి అడ్డం నిలబడేవారు.

ఆయనకి జాలి లేదు. రెవరెండ్ గారిని పదకొండు–రెండుతో ఓడించారు. కౌంటీ షెరీఫ్‌ని పదకొండు–ఒకటితో, యూనిఫారంలో ఉండగా ఓడించారు. ఎనిమిదేళ్ళ మేబెల్‌ని, పుట్టినరోజు కిరీటం పెట్టుకుని వచ్చిన పిల్లని, పదకొండు–సున్నాతో ఓడించి, "కేకు బాగుందమ్మా" అన్నారు.

ఆట కూడా విచిత్రంగా ఉండేది. బంతి ఎదుటివాళ్ళ దగ్గరుండి తను కాపు కాసేటప్పుడు ఆయన ఎవరి వెంటా పడేవారు కాదు. తన బొమ్మని నేరుగా బుట్ట కిందికి తీసుకెళ్ళి, బస్సు కోసం నిలబడ్డవాడిలా నిలబెట్టేవారు. బంతి లాక్కునే బటన్ జోలికి పోయేవారు కాదు.

"చెయ్యి చాపి తప్పావో, రెండు క్షణాలు బిచ్చగాడిలా నిలబడాలి," అనేవారు. "బంతిని చూడకు, వాడి కాళ్ళు చూడు. వాడి కాళ్ళు నేల విడిచేదాకా నీ కాళ్ళు విడవకు."

ఎదుటివాళ్ళు దూరంగా ఆగితే ఊరుకునేవారు కాదు. "అక్కడేం చేస్తున్నావురా, తపాలా పంపిస్తావా? లోపలికి రా!" అని రెచ్చగొట్టేవారు. రోషం వచ్చి లోపలికి వెళ్ళారో, ఆ బొమ్మ సరిగ్గా సమయానికి లేచి బంతిని చెయ్యెత్తి కొట్టేది.

ఇక బంతి తన చేతికొస్తే, ఎడమకి రెండడుగులు. టక్కున ఆగడం. వేస్తున్నట్టు బంతి ఎత్తడం. ఎదుటివాళ్ళ బొమ్మ ఎగిరేది. అది గాల్లో ఉండగా ఈయన తీరిగ్గా, జేబురుమాలు మడిచినంత తీరిగ్గా బంతి వదిలేవారు. ఎప్పుడూ ఎడమకే. ఎడమకే వెళ్తాడని ఊరంతటికీ తెలుసు. అయినా ఆపినవాళ్ళు లేరు.

అందరికంటే ఎక్కువ ఓడింది వెర్లా. వయసు యాభై ఎనిమిది. ఆ స్కూలు చిట్టచివరి ఆడపిల్లల జట్టులో, బంతిని ముందుకు నడిపించే గార్డుగా ఆడింది. కుడివైపుకి ఆవిడ వేసే మొదటి అడుగు చూడ్డానికి మూడు కౌంటీల నుంచి జనం వచ్చేవారు. చిన్నప్పుడు ప్రూయిట్ గారి బస్సులోనే స్కూలుకెళ్ళింది కనక ఇప్పటికీ ఆయన్ని 'గారూ' అనే పిలుస్తుంది, ఆయన ఆవిడని 'అమ్మాయ్' అనే అంటారు. చేతిలో సబ్బు ఉంటే ఎదురుగా ఏముంటే అది కడిగేసే మనిషి. పార్కింగ్‌లో ఆగిన పరాయివాళ్ళ కార్లు కూడా కడిగిన రోజులున్నాయి. అలాంటి మనిషి వారానికొక ఆట చొప్పున పందొమ్మిదేళ్ళు ఓడిపోయింది.

ఆవిడకి అనుమానం ఎక్కించింది ప్లంబరు క్లైడ్.

"ఎడమ పిడిలో ఏదో ఉంది వెర్లా. ఆయనేదో బిగించాడు. లేకపోతే డెబ్భై ఆరేళ్ళ మనిషి, కళ్ళద్దాలు లేకపోతే సబ్బు పొడికీ ఉప్పుకీ తేడా తెలీదు, నిన్ను ఓడించడమేంటి?"

"ప్రూయిట్ గారు మోసం చెయ్యరు," అంది వెర్లా.

"అయితే ఒక్కసారి ఆ పక్క ఇమ్మను."

అడిగింది. ఇవ్వలేదు. మళ్ళీ అడిగితే కడుపులో తిప్పడం గురించి చెప్పారు. ఆ రోజు నుంచి వెర్లాకి మనసు మనసులో లేదు. ఓడినందుకు ఆవిడకి బాధ లేదు. చిన్నప్పుడు మంచులో తన చేతికి తాడు అందించిన మనిషి తనని మోసం చేస్తున్నాడేమోనన్న అనుమానం మాత్రం మింగుడుపడలేదు.

మార్చి నెలలో ఒక గురువారం పొద్దున కంపెనీ మనిషి వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చిన పాతాయన ప్రూయిట్ గారితో ఒక ఆట ఆడి, ఓడి, సంతకం పెట్టి పోయేవాడు. ఈసారి వచ్చింది కొత్తవాడు, స్ట్రోమ్ అట. నవ్వు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టున్నాడు.

"నాకు ఆటలు రావు. మీరిద్దరూ ఆడండి, నేను చూస్తాను. ఏ పక్క ఏది పనిచెయ్యకపోయినా వ్యాను బయటే ఉంది."

వెర్లా ముందుకొచ్చింది. లాండ్రీలో ఉన్న పదిమందీ తడిబట్టలు వదిలేసి చుట్టూ చేరారు.

"ఈ రోజు ఎడమ పక్క నాకు కావాలి. కంపెనీ మనిషే సాక్షి. ఆ పక్కలో మాయ ఏమీ లేదని తేలిపోవాలి."

ప్రూయిట్ గారి మొహం పాలిపోయింది. "వద్దమ్మాయ్. నీకు చెప్పాగా, నాకు కడుపులో..."

"చూశావా!" అన్నాడు క్లైడ్.

"మారండి," అన్నాడు స్ట్రోమ్. "నాకేం అభ్యంతరం లేదు."

ఇంక చేసేదేముంది? ఆయన పందొమ్మిదేళ్ళ తర్వాత కుడి పక్కకి వచ్చి నిలబడ్డారు, ఎవరి ఇంట్లోనో చెప్పులతో అడుగుపెట్టినట్టు.

ముందు బంతి వెర్లాది. అలవాటు ప్రకారం పిడిని కుడికి తోసింది. బొమ్మ కదల్లేదు. మళ్ళీ తోసింది. కదల్లేదు. పైకి పోతోంది, కిందికి వస్తోంది, ఎడమకి పోతోంది. కుడికి మాత్రం రాయిలా ఉంది.

"ఏంటి వెర్లా, కాళ్ళు పాతుకుపోయాయా?" అన్నాడు క్లైడ్.

స్ట్రోమ్ కాగితం మీంచి తలెత్తాడు.

సరిగ్గా అప్పుడు లాండ్రీలో ఎవరూ ఎన్నడూ చూడనిది జరిగింది. బుట్ట కింద తప్ప నిలబడని ప్రూయిట్ గారి బొమ్మ బయటికి వచ్చింది. పరుగెత్తుకొచ్చి వెర్లా బొమ్మకి కుడి పక్క అడ్డంగా, చేతులు చాపి నిలబడింది. ఆయన గొంతు గోడలు అదిరేలా వినిపించింది.

"కుడికి రా చూద్దాం! నీ కుడి అడుగు నాకు తెలీదనుకున్నావా? ఒక్క అడుగు వెయ్యనిస్తే నా పేరు మార్చుకుంటాను!"

వెర్లా ఆయన వైపు చూసింది. ఆయన తెరని తప్ప ఇంక దేన్నీ చూడడం లేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. బుట్ట కింద ఆ నిలబడ్డం ఎందుకో, ఎప్పుడూ ఎడమకే ఎందుకో, జనాన్ని లోపలికి రమ్మని రెచ్చగొట్టడం ఎందుకో. పుట్టినరోజు పిల్లకి కూడా ఒక్క ఆట ఎందుకు వదల్లేదో. ఓడితే ఎడమ పక్క ఇచ్చెయ్యాలి. ఇచ్చేస్తే తెలిసిపోతుంది. తెలిస్తే వ్యాను వస్తుంది. ఈ మనిషి కుడికి కదలని పిడితో ఊరందర్నీ, తనని తొమ్మిది వందల చిల్లర ఆటల్లో, ఓడించాడు.

"మీరు అడ్డం నిలబడితే నేను వెళ్ళలేననుకున్నారా?" అని అరిచి, ఎడమకి రెండడుగులు వేసి బుట్టలో వేసింది.

కాపు కాసే వంతు వచ్చినప్పుడు తిన్నగా బుట్ట కిందికి వెళ్ళి, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. ఆయన కాళ్ళు లేచేదాకా తన కాళ్ళు లేవలేదు. ఆయనేమీ మెత్తగా ఆడలేదు. ఆయనకి మెత్తగా ఆడ్డం రాదు. కానీ ప్రతిసారీ ఆవిడ కుడి పక్కని మూసెయ్యడానికి బయటికి రావాలి, వస్తే ఎడమ ఖాళీ. పది–పది అయింది. బంతి వెర్లాది.

ఇప్పుడు తప్పిస్తే ఆయన గెలుస్తారు, ఎడమ పక్క ఆయనకే ఉంటుంది, అంతా మునుపటిలాగే. బుట్టలో పడితే ఆ పక్క తనది, ఆ కాపలా కూడా తనది. పక్కన ఆయన పెట్టెకి ఆనుకుని నిలబడ్డం ఆవిడకి కనిపిస్తూనే ఉంది. డెబ్భై ఆరేళ్ళు. ఈయన కాపలా కాసింది ఇక చాల్లే అనుకుంది వెర్లా. ఎడమకి రెండడుగులు. ఆగింది. బంతి ఎత్తింది. ఆయన బొమ్మ ఎగిరింది. జీవితంలో మొదటిసారి మోసపోయి ముందే ఎగిరింది. తీరిగ్గా వదిలింది.

లాండ్రీ అంతా గోల. క్లైడ్ ఎవరివో తడి దుప్పట్లు గాల్లోకి విసిరాడు.

స్ట్రోమ్ మాత్రం కలం ఎత్తి పట్టుకున్నాడు. "ఆవిడ కుడివైపుకి ఒక్కసారి కూడా వెళ్ళలేదేం?"

"ఆయన వెళ్ళనిస్తేగా!" అంది వెర్లా. "చూస్తూనే ఉన్నారు కదండీ?"

స్ట్రోమ్ ఆలోచించాడు. చూసిన మాట నిజమే. 'రెండు పక్కలూ పనిచేస్తున్నాయి' అని రాసి, సంతకం పెట్టి, ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు.

జనం బట్టలు ఏరుకుని వెళ్ళాక వెర్లా ఆయనకి కాఫీ పోసి ఇచ్చింది.

"ఎప్పటి నుంచండీ ఇది?"

"నువ్వు సబ్బు నీళ్ళతో పెట్టె కడిగిన మర్నాటి నుంచి."

"నేనా?"

"అంతకు వారం ముందే జిమ్ పడగొట్టారు. ఎంత ఏడ్చావో నాకు తెలుసు. మిగిలిన ఒక్కటీ నీ చేత్తోనే పోయిందని నీకెందుకు తెలియాలి?" అని కాఫీలోకి చూస్తూ అన్నారు.

వెర్లా ఆయన కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది. "మరి చర్చిలో? హోటల్లో?"

"ఒక్క లాండ్రీలోనే ఎడమ పక్క పట్టుకు వేలాడితే అనుమానం రాదూ?"

"మీ చెల్లెలి పెళ్ళి ఫొటో?"

ఆయన కప్పు కింద పెట్టారు. "అది కొంచెం ఎక్కువైంది," అని ఒప్పుకున్నారు.

ఆదివారం ప్రూయిట్ గారు చర్చికి వెళ్ళేసరికి ఎడమ వరస చివరి బల్ల మీద వెర్లా కూర్చుని ఉంది.

"లే అమ్మాయ్. అది నా చోటు."

"గెలిచినవారిది ఎడమ పక్క. మీరు రాసిందే," అంది వెర్లా, అందరికీ వినపడేలా. "అయినా నేను లేవలేనండీ. కుడి పక్క కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది."

రెవరెండ్ గారు పాట సంఖ్య చెప్పబోతూ ఆగిపోయారు. చర్చి అంతా చూస్తుండగా ప్రూయిట్ గారు పందొమ్మిదేళ్ళ తర్వాత నడవ దాటి కుడి వరసకి వెళ్ళారు. బల్లని ఒకసారి తట్టి చూసి, మెల్లగా కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ వచ్చి తిన్నగా ఆయన మోకాళ్ళ మీద పడింది.

"ఇన్నాళ్ళూ ఈ పక్క ఎండ వస్తుందని ఒక్కరైనా చెప్పారా?" అని గట్టిగానే విసుక్కుని, కాళ్ళు బారజాపుకున్నారు.