ఉల్లిపొర చీర

ఉదయం తొమ్మిదీ పదికి పాత జరీ కొనే మనిషి మా వాకిట్లో సంచి దించాడు. వికారాబాద్ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు అప్పుడే తాండూరు స్టేషన్ వదిలి వెళ్లింది. అందుకే ఆ వేళ గుర్తుంది.

అది ఆషాఢం. యాభైల నడుమ ఒక ఏడు. గనుల్లో నీళ్లు నిలిచి బండలు తీయడం ఆగిపోయింది. మా ఆయన బండల వ్యాపారి దగ్గర గుమాస్తా. గనులు ఆగితే ఆయనకు వచ్చేదీ తగ్గేది. అందుకని ఏటా ఆ రోజుల్లో ఇంట్లో అక్కరలేనివన్నీ వెతికి అమ్మేవాళ్లం. సొట్టపడ్డ చెంబు, విరిగిన దీపపు సెమ్మె, ఖాళీ సీసాలు. ఆ ఏడు నేను అమ్మాలనుకున్నది ఒక చీర. నాది కాదు. మా ఆయన మొదటి భార్యది.

ఆమెదీ నాదీ వికారాబాదే. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి వేసవిలో వాళ్ల పెళ్లి ఊరేగింపు మా వీధిలోంచి వెళ్లింది. నేను గోడ దగ్గర నిలబడి చూశాను. ఉల్లిపొర రంగు గద్వాల చీర, ఆకుపచ్చ పట్టు అంచు, అంచు నిండా జరీ. అలాంటిది నాకెప్పుడు వస్తుందా అనుకున్నాను. కొన్నాళ్లకే ఆమె క్షయతో పోయింది. ఆ ఇంటికి నన్ను ఇచ్చారు. నా పెళ్లికి నూలు చీర పెట్టారు.

మా వాళ్లలో ఒక ఆచారం ఉండేది. రెండో భార్య మెడలో పుస్తెలతో పాటు, పోయిన మొదటామె పేరున ఒక చిన్న వెండి బిళ్ళ కట్టాలి. రోజూ స్నానం చేసి దానికి పసుపూ కుంకుమా పెట్టాలి. నా పెళ్లినాటికి వెండి కొనలేక పసుపుకొమ్ము కట్టి సరిపెట్టారు. అది ఎండి, విరిగి, ఎక్కడో పడిపోయింది. మా అత్త అప్పుడప్పుడు బిళ్ళ మాట ఎత్తేది. నేను విననట్టు ఉండేదాన్ని.

ఆ చీర ఇనపపెట్టె అడుగున ఉండేది. ఏటా ఎండాకాలంలో ఆయన దాన్ని తీసి, నీడలో ఆరవేసి, మడతలు మార్చి మళ్లీ పెట్టేవారు. పట్టు ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే అక్కడ చీలుతుంది. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. తన ధోవతి తాను మడవని మనిషి. తీగ మీద నా బట్టలు వానకు తడుస్తున్నా లేచేవారు కాదు.

ఒకసారి అడిగాను, ఆ చీర నేను కట్టుకుంటానని.

"నీకెందుకది?" అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నేను చదివిన పుస్తకాల్లో అసూయను మంట అనేవారు. నాకు అలా ఉండలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆ చీర గుర్తొచ్చేది, గంజి వారుస్తుంటే గుర్తొచ్చేది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

"పాత జరీ ఉన్నదా అమ్మా? సచ్చా జరీ అయితె మంచి ధర ఇస్త" అన్నాడు వచ్చిన మనిషి.

మా ఆయన అప్పటికే పనికి వెళ్లిపోయారు. నేను పెట్టె తీసి చీర తెచ్చి అతని ముందు పెట్టాను. అరుగు మీద కందులు చెరుగుతున్న మా అత్త చేట ఆపింది.

"గది వాడు దాసుకున్న చీర గదనే పిల్లా."

"పెట్టెల పడుండి ఏం జేస్తది అత్తమ్మా? ఇంటి కిరాయికన్న అయితది."

"కిరాయి సంగతి నాకెర్కలేదా? నీ సంగతి గూడ ఎర్కనే."

జరీ మనిషి నవ్వాడు. "లడాయి తర్వాత పెట్టుకోండ్రమ్మా. జర నన్ను సూడనియ్యుండ్రి."

అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాడు. పట్టు మాడిపోయింది, లోపలి వెండి తీగ తెల్లగా మిగిలింది.

"అసల్ మాల్. గిట్లాంటిది ఇప్పుడు నేస్తలేరు" అని ధర చెప్పాడు.

వద్దని చీర లాక్కుంటుందేమోనని నేను మా అత్త వైపు చూశాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నీ అందాజ నాకొద్దు. నా కండ్ల ముందట కాల్చు. వెండెంతొస్తదో నేనే సూస్త."

"గీ వానల అగ్గి యాడ దేవాలె అమ్మా?"

"మా ఇంట్ల పొయ్యి లేదా? నా కోడలు పెడ్తది. గంత ఉషారుగ తెచ్చింది గద, అగ్గి గూడ ఆమెనే పెట్టనీ."

నేనే పొయ్యి అంటించాను. అతను కత్తెరతో అంచులూ కొంగూ కోసి ఇనప మూకుడులో వేశాడు. వెంట్రుకలు కాలిన వాసన ఇల్లంతా పట్టింది. చివరకు బూడిదలో తీగల వల ఒకటి మిగిలింది. అంచు మీది పూలు అందులో ఇంకా కనిపిస్తున్నాయి. అతను పటకారుతో నొక్కి ముద్ద చేశాడు. ఇక పెట్టెలో ఆమెది ఏమీ లేదని నా మనసు నెమ్మదించింది.

మా అత్త ఆ ముద్దలోంచి కొంచెం తుంచి తీసుకుని, మిగిలింది అమ్మింది. తుంచినదాన్ని కొంగున ముడివేసింది. "గిది అవుసలాయనకిస్త" అంది. అంచులు పోయిన చీరను దులిపి మడిచింది. "గిది బొంతకైతది."

సాయంత్రం ఆయన గడపలోనే ఆగి వాసన చూశారు.

"ఏం కాలింది?"

"నీ చీరనే" అంది మా అత్త. "నీ పెండ్లాం మెడల బిళ్ళ కట్టాలె గద. ఎన్నేండ్లాయె?"

గొడవ అవుతుందనుకున్నాను. నేను దానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"మంచిదే" అన్నారు.

తర్వాత నా మెడ వైపు చూశారు. అంతకుముందు ఆయన అలా చూసినట్టు నాకు గుర్తు లేదు.

శ్రావణం రాకముందే ఆ కంసాలి బిళ్ళ చేసి తెచ్చాడు. అప్పటి నుంచి నేను అన్నం వడ్డించడానికి వంగితే ఆయన చూపు దాని మీదికి వెళ్లేది. చలికాలంలో ఆ బొంతే కప్పుకునేవారు. వేరేది ఇస్తే పక్కన పెట్టేవారు. పెట్టె అడుగున ఏడాదికి ఒక్కసారి కనిపించేదాన్ని నేనే బయటికి తీసి, ప్రతిరోజూ ఎదుట ఉండేలా చేశాను.

అరవైల చివర ఆయన పోయారు. పదో రోజున నా పుస్తెలు తీశారు. తీస్తున్న ఆవిడ బిళ్ళ దారం మీద కూడా చెయ్యి వేసింది. మా అత్త మంచంలోంచి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ముట్టకు. అది నా బిడ్డది. ముత్తైదువగ పోయింది. ఆమెకెందుకు తీస్తరు?"

మొదటామెను అన్నట్టు నన్ను మా అత్త ఎప్పుడూ బిడ్డా అనలేదు.

తర్వాత నేను వికారాబాద్‌లో మా తమ్ముడి ఇంటికి వచ్చేశాను. బిళ్ళ మెడలోనే ఉంది. నేను కుంకుమ పెట్టుకోను. దానికి మాత్రం రోజూ పెడుతున్నాను. ఆయన లేని రోజు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. చీర విషయంలో కంటే ఈ విషయంలోనే నాకు ఆమె మీద ఎక్కువ అసూయ.

మా వీధిలో ఈ మధ్య రెండో పెళ్లిళ్లు జరిగాయి. వెళ్లినప్పుడల్లా పెళ్లికూతుళ్ల మెడలు చూశాను. ఆ బిళ్ళ ఇప్పుడు ఎవరూ కట్టడం లేదు.