నాలుగో పాదం

మొన్న మా మేనల్లుడు కువైట్‌లోని సాల్మియాలో మనవాళ్లు కొత్తగా తెరిచిన హోటల్ మెనూ కార్డును ఫోన్లో పంపాడు. నూడుల్స్ బొమ్మ కింద బంగారు రంగులో, "పురాతన చైనా మహాకవి వాక్కు: విందు కన్న మిన్న వేరు లేదు" అని ఉంది. ఆ వాక్కు చైనాది కాదు, మా బావగారిది.

తొంభైల చివర్లో బావగారు ఆ వీధిలోనే ఒక చైనా హోటల్లో వడ్డించేవారు. సబ్హాన్ గోదాములో సరుకు లెక్కలు చూసే నేను శుక్రవారాలు అక్కడికి చేరేవాణ్ణి. అక్కడి వంటాయన చైనావాడు. తన ప్రాంతంలో వెయ్యేళ్ల కిందట పుట్టిన కవి పద్యం ఒకటి వాళ్ల నాన్న నేర్పాడట. పాదానికి ఐదక్షరాలు, నాలుగే పాదాలు. గణాలూ యతులూ సొంతంగా నేర్చుకున్న నాకు ఆ పొదుపు తెగ నచ్చింది. పడవ కదులుతుంది, తెడ్డు తడి ఆరకముందే పడవలోవాడు వెనక్కి చూస్తాడు, ఒడ్డున ఎవరూ లేరు. అంతే. దుఃఖమన్న మాటే రాదు. "ఆఖర్న చుప్. మా ఊళ్లో అందరూ చుప్" అనేవాడు వంటాయన, వచ్చీరాని హిందీలో, పెదాల మీద వేలు పెట్టుకుని.

ఇఖామా ఖలాస్ అయి, అంటే అక్కడ ఉండే అనుమతి తీరిపోయి, వెళ్లిపోతూ అతను ఒక్కటే అడిగాడు: వీడ్కోలు భోజనంలో ఆ పద్యం మా భాషలోనైనా వినాలని. అన్నేళ్లలో మేమిద్దరం తప్ప అక్కడ దాన్ని విన్నవాళ్లే లేరు మరి. బావగారు ఆటవెలది కట్టారు. మూడు పాదాలదాకా పడవ బాగానే నడిచింది. నాలుగోదాంట్లో ఒడ్డును తీసేసి విందు పెట్టారు. ఐదు సూర్యగణాలు, యతి కూడా చెల్లింది. లెక్క తప్పలేదు, అదే మరీ రోత.

"ఒడ్డు ఖాళీగా ఉండటమే పద్యం, బావగారూ" అన్నాను.

"మకుటం లేని పద్యం తలకాయ లేని చేపరా! మేనేజరుగారు కూడా మెచ్చాలి గదా. నువ్వెళ్లి బస్తాలు లెక్కెట్టుకో."

భోజనాల దగ్గర బావగారు రాగం తీస్తుంటే వంటాయన పాదానికో వేలు ముడిచాడు. నాలుగోది ముగియగానే కళ్లు మూసుకుని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మనవాళ్లు గొల్లున నవ్వి "వన్స్ మోర్!" అని అరిచారు. బావగారు విందును మళ్లీ పాడారు, మళ్లీ పాడారు. మేనేజరు బల్ల చరిచాడు. వంటాయన వేలు దించి, ఎవరి ముఖమూ చూడకుండా ఎంగిలి పళ్లేలు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వెయ్యేళ్లు నిలిచిన ఆ ఖాళీ ఒడ్డు ఒక్క భోజనంలో కొట్టుకుపోయింది. మూతి తుడుచుకుంటూ అనే మాట మనవాళ్ల నోళ్లలో నాని మహాకవి పేరున బతుకుతోంది. కాలానికి ఆకలే గాని, చెవులు లేవు.