ఇంకొక్క పూత!

పాంగ్ బాబాయ్ నోట "చాలు" అన్న మాట విన్నవాళ్లు పెకింగ్‌లో ఎవరూ లేరు. ఆయన ఎరిగింది ఒకటే మాట: "ఇంకొక్క పూత!"

మా కార్ఖానాలో పెట్టెలకు ఎర్రలక్క పూసేది ఆయనే. ఈ లక్క తేమలోనే గట్టిపడుతుంది కాబట్టి, ఒక పూత తేమ గదిలో ఆరాక దాని మీద మరొకటి వేసుకుంటూ, లక్క మందంగా పేరుకున్నాక మాకివ్వాలి. అందులో మేం పూలూ పక్షులూ చెక్కుతాం. ఆయన ఇస్తే కదా చెక్కడానికి!

"బాబాయ్, కొనేవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారయ్యా!" అని మేనేజర్ తావ్ నెత్తి కొట్టుకునేవాడు.

"అయితే తీసుకురా, ముడతలు కనబడకుండా వాళ్లకీ ఒక పూత వేస్తా."

ఈ పిచ్చి లక్కతో ఆగలేదు. నువ్వుల రొట్టెకు కారం పూసి పూసి, చివరికి రొట్టె కోసం వెతుక్కునేవాడు. చలికాలం కోటు మీద కోటు తొడిగి గుమ్మంలో ఇరుక్కుంటే నలుగురం పట్టి లాగాం. ఇంటి తలుపుకు రంగు మీద రంగు వేస్తే అది మూసుకోవడం మానేసింది.

"దొంగలు పడితే?" అని పిన్ని లబోదిబోమంది.

"పడనీవే. రంగుకు అంటుకుపోతారు."

ఇక నా సంగతి. నాకు తుమ్ములెక్కువ. ఎప్పుడొస్తాయో తెలియదు. కిందటేడు ఒక్క తుమ్ముకి నేను చెక్కుతున్న కొంగ తల ఎగిరిపోయింది.

"యున్‌షా, ఇంకొక్కటి పాడుచేశావో, అట్టపెట్టెలు కట్టే గదిలోకే!" అన్నాడు తావ్. నాకు చెక్కడమంటే ప్రాణం. ఆ మాట విన్నాక అన్నం సయించలేదు.

ప్రదర్శనకు వెళ్లే పెట్టె మీద పెద్ద పువ్వు చెక్కుతున్నాను. ఆఖరి రేకు. వెనకాలే తావ్. హాచ్! ఉలి జారింది, రేకు ఊడింది.

"అయిపోయింది!" అన్నాడు తావ్. నేను భోరుమన్నాను.

తేమ గదిలోంచి పాంగ్ బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏడుపెందుకే? రేకును ఇంకా లోతుకు దించు. చుట్టూ ఉన్నది కూడా తీసెయ్."

"చెక్క తగులుతుంది బాబాయ్!"

"తగిలినప్పుడు ఏడువు."

దించాను. ఎరుపు. ఇంకా దించాను. ఇంకా ఎరుపే! చెక్క జాడే లేదు. సాయంత్రానికి పువ్వు నిజంగా విచ్చుకున్నట్టు లేచి నిలబడింది. తావ్ దాన్ని నిమిరి, "ఇంత లోతైన పని ఈ కార్ఖానాలో ఎవరూ చెయ్యలేదు. నేను ముందే అనుకున్నా," అన్నాడు సిగ్గులేకుండా.

పక్క బల్ల మీద పెట్టె చూశాను. దాని లక్క నా దాంట్లో సగం మందమే ఉంది.

"బాబాయ్, నా పెట్టెకే ఎందుకింత?"

"అందరికీ ఇంకొక్క పూతే. కొంగ తల ఎగిరినప్పట్నుంచీ నీకు మాత్రం తుమ్ముకో పూత. నీ తుమ్ములు తేమ గదిలోకి వినపడవనుకున్నావా?"

ఉలి పక్కన పెట్టాను. ఆయనకు దణ్ణం పెడదామని వంగాను.

హాచ్!

పాంగ్ బాబాయ్ నిట్టూర్చి, కుంచె అందుకుని తేమ గదిలోకి నడిచాడు.