నిప్పు పెట్టే ముందు కేక

దయ్యాలన్నా దేవతలన్నా నవ్వేవాణ్ని. ఇప్పటికీ ఎవరైనా అడిగితే లేవనే అంటాను. కాకపోతే మునుపటంత గట్టిగా అనలేను.

బోధన్ దగ్గర మాకు కొద్దిపాటి చెరుకు తోట ఉంది. చెరుకు కొట్టేశాక చేనంతా మోకాటి లోతు ఎండాకు మిగులుతుంది. దాన్ని కాల్చేస్తాం. నిప్పు పెట్టే ముందు మా అమ్మ, మేం అవ్వ అంటాం, గట్టు మీద నిలబడి, ఊరి దేవత మైసమ్మకు మొక్కి కేక వేసేది.

"జరుగుండ్రి తల్లీ! పామైనా పిట్టైనా జరుగుండ్రి, అగ్గి వస్తున్నది!"

తర్వాత కాసేపు ఆగేది. ప్రాణమున్నదాన్ని చెప్పకుండా కాలిస్తే మైసమ్మ ఊరుకోదని ఆమె నమ్మకం.

"పాములకు తెలుగొస్తదా అవ్వా?" అని ఎగతాళి చేసేవాణ్ని.

"నీకొస్తది గద, నువ్వు ఇంటున్నవా?" అనేది.

పోయిన ఏడాది అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నిజామాబాద్ ఆస్పత్రిలో చేర్పించాం. నా భార్య తోడుంది. ఆ మధ్యాహ్నం నేనొక్కణ్నే చేను కాల్చడానికి వెళ్ళాను. మళ్ళీ ఆస్పత్రికి పోవాలన్న తొందర. మొక్కూ లేదు, కేకా లేదు. అగ్గిపుల్ల గీశాను.

"జరుగుండ్రి తల్లీ!"

అవతలి గట్టు నుంచి వచ్చింది. మా అవ్వ గొంతే. పుల్ల వేళ్ళు కాల్చి ఆరిపోయేదాకా కదల్లేకపోయాను. అక్కడ ఎవరూ లేరు. అవ్వ ప్రాణం పోయిందనుకున్నాను. వెంటనే నా భార్యకు ఫోన్ చేశాను.

"అత్తమ్మ మంచిగనే పండుకున్నది. ఏమైందయ్యా, గట్ల మాట్లాడుతున్నవు?" అంది.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. చేను మధ్యలో ఎండాకు కదిలి, ఒక ఆడమనిషి లేచి కూర్చుంది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీ. చలిజ్వరం తట్టుకోలేక ఆకు కప్పుకుని పడుకుందట.

పరుగెత్తాను. భయంతో ఆమె మీదే అరిచాను. "గిక్కడ పండుకుంటరా అక్కా? అగ్గి పెడుతుంటి గద!"

ఆమె నన్ను చూడటం లేదు. నా వెనక ఎవరికోసమో వెతుకుతోంది.

"మా ఆయి పిలిచింది. ఊఠ్ పోరీ అన్నది. ఎటు పోయింది?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది.

ఆయి అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఊఠ్ పోరీ అంటే లేవవే పిల్లా అని. ఆమె తల్లి ఎక్కడో వాళ్ళ ఊళ్ళో ఉంది.

నా కంగారులో నాకేదో వినిపించిందనే అనుకుందాం. మరి ఆమెను లేపిందెవరు? అవ్వను అడుగుదామంటే ఆమెకు ఇంకా మాట రాలేదు.

ఎవరు పిలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. పిలవకపోతే ఏమయ్యేదో మాత్రం తెలుసు.