తడి దుప్పటి తెచ్చిన తంటా

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో అద్దెకుండేవాళ్లం. ఒళ్లంతా నొప్పులు, చేయి పైకెత్తలేను. ఉప్పల్‌లో డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల జబ్బని తేల్చి, "ఇది డిప్రెషన్ మందే, కానీ మీకు నొప్పి తగ్గడానికి ఇస్తున్నా" అన్నారు. తోడొచ్చిన ఇంటి ఓనరమ్మకు మొదటి ముక్కే వినపడింది. గల్లీ అంతా చెప్పింది.

నెల తిరిగేసరికి చేతులు పైకి లేచాయి. సంబరపడి తడి దుప్పటితో డాబా ఎక్కాను. పిట్టగోడ మీద ఆరేస్తూ ముందుకు వంగానో లేదో, "అయ్యో, దుంకకు బిడ్డా!" అని కింద నుంచి ఓనరమ్మ కేక. గల్లీ జనమంతా మెట్లెక్కొచ్చి నన్ను వెనక్కి గుంజారు.

"అవి నొప్పుల మాత్రలు ఆంటీ!" అని మొత్తుకున్నాను.

"గట్లనే అంటరు" అంటూ ఆమె డాబాకు తాళమేసింది.

నొప్పితో ఏడ్చినన్నాళ్లూ "నీకేమైంది, మంచిగనే ఉన్నవ్ గద" అన్నది ఈమే. తీరా మంచిగయ్యాక పిచ్చిదాన్నయ్యాను!