సైరన్ మోగని పొద్దు

నేను పుట్టింది జనగామ వైపు. అక్కడ నీళ్లకు కరువు గానీ నేల గట్టిది, ఎన్నడూ కదిలినట్టు ఎరుగను. పెళ్లయి వచ్చిన ఈ ఊరు భూపాలపల్లికి దగ్గర. బొగ్గుబాయి తవ్వుకుంటూ తవ్వుకుంటూ మా పొలిమేర దాకా వచ్చాక, నేల కదలడం మాకు రోజువారీ సంగతైపోయింది. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కాసేపటికి బాయిలో పేలుస్తారు, గూట్లో గిన్నెలు గలగలమంటాయి. మొదట్లో ఒకసారి తలకాయంత రాయి ఎగిరొచ్చి మా వాకిట్లో కట్టేసిన మేక నడుం మీద పడింది. ఆ రోజు మా అత్త మా ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. నేల అదిరితే ఎవరు ఎక్కడున్నా ఇంట్లోకి రావాలి, తలుపు వేయాలి. ఊరంతా అదే పద్ధతి. మా ఊరి పిల్లలకు నడక కుదిరేలోపే ఆ ఉరుకుడు వచ్చేది.

మొన్నటి చలికాలంలో ఒక పొద్దున నేను వాకిట్లో పొయ్యి మీద నీళ్లు కాస్తున్నాను. మా అత్తకు నడుము పడిపోయి రెండేళ్లు. కాస్త ఎండ పొడ తగులుతుందని మంచం బయట వేసి నేనే పడుకోబెట్టాను. ఉన్నట్టుండి నేల లోపలి నుంచి పెద్ద లారీ పోయినట్టు మోత. గిన్నె పక్కకు జరిగి నీళ్లన్నీ నిప్పుల్లో పడ్డాయి. నేను ఆలోచించలేదు. అత్త చంకల కింద చేతులు వేసి, ఈడ్చుకుంటూ గడప దాటించి, తలుపు వేశాను. సైరన్ మోగలేదన్న సంగతి గొళ్లెం పెట్టాకే తట్టింది.

మాది మట్టి గోడల ఇల్లు, గూనపెంకలు. పైన వాసాలు కిర్రుమన్నాయి. పెంకలు ఒక వరుసంతా జారి లోపల పడ్డాయి. నేను అత్త మీద బోర్లా పడ్డాను గానీ ఒక పెంక ఆమె భుజాన్ని కోయనే కోసింది. వెనక గోడ పైనుంచి కింది దాకా చెయ్యి పట్టేంత చీలింది. ఆ చీలికలోంచి పెరట్లో వెలుతురు కనబడింది. అంతే, ఆగిపోయింది. అంతా కలిపి నోట్లో ముద్ద మింగేంత సేపు.

పక్కింటి వదిన గోడ అవతలి నుంచి, "ఇయ్యాల బాయోళ్లకు ఏం తొందరొచ్చిందో, పండ్లు తోముకోకముందే పేల్చిన్రు" అని నవ్వింది. టీవీలో భూకంపమని చెప్పాక గానీ ఆమె నవ్వు ఆగలేదు.

దవాఖానలో అత్త భుజానికి కుట్లు వేయించి తీసుకొచ్చాను. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అత్త ఒకటే మాట.

"మంచంల పడ్డదాన్ని, నన్ను ఇడిసిపెట్టి ఉరకలేదు. ఇంట్లకు ఏసుకొచ్చి నా మీద బోర్ల పడ్డది. కన్నబిడ్డ గూడ గిట్ల చెయ్యది."

ఈ ఇంట్లో నాకు ముప్పై ఏళ్లు. నేను వండిన కూర బాగుందని కూడా ఆ నోట ఎన్నడూ రాలేదు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను పొయ్యి దగ్గరికి పోయి ఊరికే కట్టెలు సర్దుతూ కూర్చున్నాను.

మహబూబాబాద్‌లో ఉండే నా బిడ్డ రెండు రోజులకు చూడటానికి వచ్చింది. వాళ్ల దగ్గర కూడా మంచాలు ఊగాయట. నాకు సంతకం వరకే చదువు. బిడ్డే ఫోన్లో చూసి లోకంలో ఎక్కడెక్కడ ఎట్లా వచ్చాయో చదివి చెప్పింది. లాతూరు వైపు గణపతిని సాగనంపి, అలసి పడుకున్నవాళ్లు పడుకున్నట్టే రాతి గోడల కింద పోయారట. టర్కీలో చలికి దుప్పట్లు కప్పుకొని ఉన్నవాళ్ల మీద, తెల్లవారక ముందే మేడలు కూలాయట. నేపాల్లో ఆ రోజు శనివారం, బడికి సెలవు. అందుకని చాలామంది పిల్లలు మిగిలారట. తర్వాత గుజరాత్ అంది.

మా ఆయన గుజరాత్ పోయొచ్చినవాడు. అక్కడ భూకంపం వచ్చిన ఏడు, మేస్త్రీ వెంట ఇళ్లు కట్టే కూలికి పోయి ఎనిమిది నెలలు ఉన్నాడు. తిరిగొచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"భూమి ఎవ్వల్ని సంపలేదే. గోడలు సంపినయి. బయటున్నోడు బయట్నే ఉండాలె. అదిగూడ ఇండ్ల నడుమ గల్లీల కాదు, ఖాళీ జాగల. యాదుంచుకో."

జెండా పండుగ నాడు వరుసకట్టి పోతున్న బడిపిల్లల మీద గల్లీకి రెండు దిక్కులా ఇళ్లు పడ్డాయని చెబుతూ, చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"మన దిక్కు ఎందుకొస్తది? జర అన్నం తిను" అన్నాను నేను.

ఆయన చనిపోయి నాలుగేళ్లు. కోరి చెప్పిన ఆ మాటను నేను అన్నం గిన్నెతోపాటే కడిగేసుకున్నాను. ఆరుబయట ఏ భయం లేకుండా పడుకున్న ఆయన తల్లిని, కూలే ఇంట్లోకి ఈడ్చుకుపోయింది నేను.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అత్త మెప్పు నాకే ఉంటుంది. ఆ సాయంత్రం దాకా అదే అనుకున్నాను.

సాయంత్రం నలుగురు ఆడవాళ్లు అత్త దగ్గర కూర్చున్నారు. పక్కింటి వదిన ఒళ్లో ఏడాది మనవరాలు ఉంది. "మల్లొస్తదంటున్నరు. వస్తే రానియ్యి. నేను గూడ నీ లెక్కనే పిల్లను ఇంట్లకు గుంజుకపోయి తలుపేస్త" అంది నాతో.

ఆ పిల్ల వదిన కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"వద్దు వదినా" అన్నాను. "నేను చేసింది తప్పు. అత్త బయట్నే ఉంటే గోరంత దెబ్బ గూడ తాకకపోతుండె. ఆయన నాకు చెప్పిండు. నేను మరిసిన." గుజరాత్ ముచ్చట మొత్తం చెప్పాను.

అత్త నా వైపు చూడకుండానే అడిగింది.

"నా కొడుకు గిదంత నీకు చెప్పిండా?"

"చెప్పిండు అత్తా."

"నాకు చెప్పలే."

"నువ్వు భయపడ్తవని."

"అంటే నన్ను సంపబోయింది నువ్వే."

"నేనే."

అత్త చాలాసేపు పైన పెంకలు లేని చోటు చూసింది. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఇన్నరు గదా. సైరన్ మోగితే ఇంట్లకు. మోగకుండ అదిరితే బయటికి. మీ ఇండ్లల్ల గూడ చెప్పున్రి. మా పోరడు చెప్పిన మాట అని చెప్పున్రి" అంది.

వాళ్లు లేచి పోయాక ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే నాలుగు మెతుకులు తిని పళ్లెం నెట్టేసింది. ఆ తర్వాత ఎవరు చూడటానికి వచ్చినా నా ఊసు ఎత్తలేదు. ఎత్తదు కూడా. నాకు కొంచెం కష్టంగానే ఉంది.

మరునాడు పొద్దున ఆమే పిలిచింది.

"మంచం బయటెయ్యి."

వాకిట్లో వేశాను. అత్త లోపలి నుంచే తల తిప్పి, మంచం పక్కనున్న గోడ వైపు చూసింది.

"ఇంక జర దూరం."

రోడ్డవతల ఖాళీ జాగాలో వేసి, ఆమెను ఎత్తుకుపోయి పడుకోబెట్టాను.